మూడో సిలిండరు

మార్చి 2

మామయ్యకి,

ఫోన్ చేస్తే అన్నిటికీ "ఆఁ, సరే" అని పెట్టేస్తున్నావు. పోయినసారి నేను అడిగింది "అన్నం తిన్నావా" అని కాదు, "అమ్మ పంపిన స్వెటరు సరిపోయిందా" అని. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య నిలబడ్డ చెవులకి ఫోన్లో మనిషి గొంతు ఎక్కదని అమ్మ తీర్మానించేసింది. కాబట్టి ఇక నుంచి మనకి ఉత్తరాలే దిక్కు.

కొత్త ఇంటికి వచ్చి మూడు నెలలయింది. వీధి మొత్తం ఏటవాలే. మా గేటులోంచి గుమ్మం దాకా కారు ముక్కు పైకెత్తుకుని ఎక్కాలి. అమ్మ ఆయాసపడుతూ రోజూ నన్ను తిడుతుంది కానీ నాకు ఒక లాభం ఉంది. ఎత్తులో బండి వెనక్కి జారకుండా ఆపే పాఠం గేటు ముందే చెప్పేస్తున్నాను. నా డ్రైవింగ్ స్కూల్లో ఇప్పుడు పదకొండు మంది ఉన్నారు. అందులో ఒక దర్జీ ఆవిడ ఉంది, యాభై ఎనిమిదేళ్ళు. క్లచ్చిని కుట్టుమిషను పెడల్ తొక్కినట్టు టకటకా తొక్కుతుంది. మాన్పించడానికి నెల పట్టింది.

బండి బాగా నడుస్తోంది. కాకపోతే ఈమధ్య ఇంజన్ ఆయిల్ కొంచెం ఎక్కువ తాగుతోంది. పెద్ద విషయం కాదు. ఇక్కడి మెకానిక్ చూసి ఇంజన్ విప్పాలన్నాడు, చూద్దాంలే అన్నాను. నీకు చెప్పకపోతే తర్వాత తెలిసి అలుగుతావని రాస్తున్నానంతే.

నీ షెడ్డు తాళాలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయా? పెద్ద వర్క్‌షాపు ఓనరు నిన్ను రమ్మంటున్నాడని ఫోన్లో అన్నావు, ఏం చెప్పావు?

నీ మేనకోడలు


మార్చి 11

డ్రైవరమ్మకి,

కళ్ళద్దాలు విరిగాయి. అందుకని పక్కింటి టీచరమ్మ చేత రాయిస్తున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి డిక్టేషను చెప్పిన మనిషి ఇప్పుడు నా దగ్గర తీసుకుంటోంది. ఇంజన్ల గురించి ఆవిడకి ఓనమాలు రావు, తప్పులుంటే ఆవిడవి.

(నమస్తే అమ్మా. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. రాయకూడని మాటలు మాత్రం వదిలేస్తున్నాను. టీచరు.)

కొంచెం అంటే ఎంత? నా షెడ్డులో ఎవరైనా ఆ మాట అంటే ఆ పూట వాళ్ళకి టీ లేదు. ఒక పుస్తకం పెట్టుకో. పోసిన ప్రతిసారీ ఎంత పోశావో, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లున్నాయో రాయి. ఆ రెండూ లేకుండా ఆయిల్ తాగుతోంది అనడం, టెంపరేచరు చూడకుండా జ్వరం అనడం లాంటిది.

ఆయిల్ పోవడానికి దారులు రెండే. బయటికి కారాలి, లేకపోతే లోపల కాలాలి. కారుతోందేమో చూడాలంటే పెద్ద అట్టముక్క ఇంజన్ కింద పరిచి తెల్లారేదాకా ఉంచు. కాలుతోందేమో చూడాలంటే వెనక పొగ చూడు. నీలంగా ఉంటే ఆయిలే. ఎప్పుడు వస్తోందన్నది ముఖ్యం. పొద్దున స్టార్ట్ చెయ్యగానేనా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, దిగుడులో కాలు తీసినప్పుడా? మూడిటికీ మూడు జబ్బులు.

ఇంజన్ విప్పాలన్న ఆ పెద్దమనిషి ఇవేమీ చూడకుండానే అన్నాడా? (ఇక్కడ ఒక మాట వదిలేశాను.) పోయిన ఏడాది ఆ ఇంజన్ని ముక్క ముక్కా విప్పి, కడిగి, కొత్త రింగులు, కొత్త సీళ్ళు వేసి కూర్చింది నేను. నా చేతుల మీదుగా వెళ్ళిన ఆఖరి ఇంజన్ అది. దాని తర్వాతే షెడ్డు మూశాను. అది ఆయిల్ తాగదు. తాగుతోందంటే ఎవరో తాగిస్తున్నారు.

వర్క్‌షాపు ఓనరుకి ఇంకా ఏమీ చెప్పలేదు. తాళాలు మేకుకి వేలాడుతున్నాయి.

స్వెటరు సరిపోయింది. అక్కకి చెప్పు.

మామయ్య


మార్చి 30

మామయ్యకి,

ఇదిగో నీ లెక్క. ఏడువందల కిలోమీటర్లకి ఒక లీటరు. మూడుసార్లు రాసుకున్నాను, మూడుసార్లూ దాదాపు అంతే.

అట్టముక్క మూడు రోజులు పరిచాను. ఎండుటాకులు తప్ప దాని మీద ఏమీ పడలేదు. పొగ నీలంగానే ఉంది. దర్జీ ఆవిడని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి నేను వెనక రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. తొక్కినప్పుడు వస్తోంది, వదిలినప్పుడు వస్తోంది, పొద్దునా వస్తోంది. నువ్వు చెప్పిన మూడు జబ్బులూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. ఆ పొగ చూసి ఒకావిడ తన కూతుర్ని మాన్పించి వేరే స్కూల్లో చేర్చింది.

ఒకటి నీకు చెప్పకూడదనుకున్నాను కానీ అమ్మ ఊరుకోవడం లేదు. ఇక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "ఏడాది కూడా కాలేదా? ఇది కూర్చినవాళ్ళ చేతులు ఎలాంటివో మరి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తాళం లాక్కుని వచ్చేశాను. తర్వాత ఇంట్లో కూర్చుని ఏడ్చాను కూడా, ఎందుకో నాకే తెలియదు.

నువ్వు నేర్పిన అలవాటు ఎవరం మానలేదు. ఆదివారం ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్కు తియ్యకుండా ఇంట్లో కాఫీ లేదు. నేనైతే రోజూ తీస్తున్నాను. ఆఖరి క్లాసు అవగానే ఇంటికొచ్చి, గుమ్మం ముందు ఆపి, వెంటనే చూస్తాను. రోజూ కింది గీతకి దగ్గర్లోనే ఉంటుంది. పోస్తాను.

కొత్త కళ్ళద్దాలు ఎప్పుడొస్తాయి? టీచరమ్మగారి రాత ముత్యాల్లా ఉంది. కానీ నీ ఉత్తరం నీ రాతలో లేకపోతే సగం నువ్వు రానట్టే ఉంటుంది.

మేనకోడలు


ఏప్రిల్ 6

అమ్మాయ్,

టీచరమ్మ కూర పొయ్యి మీద పెట్టి వచ్చింది. రెండే ముక్కలు.

గుమ్మం ముందు ఆపి చూస్తానన్నావు. మీ గుమ్మం ముందు నేల ఎలా ఉంటుందో మార్చి రెండున నువ్వే రాశావు. ముక్కు పైకెత్తుకుని ఎక్కాలి అని. ఆ ఇంజన్లో డిప్‌స్టిక్కు ముందు వైపు ఉంటుంది. ముక్కు పైకుంటే లోపలి ఆయిల్ ఎటు పోతుంది? వెనక్కి. అప్పుడు డిప్‌స్టిక్కుకి ఏం అంటుతుంది?

పైగా ఆపిన వెంటనే తీస్తానన్నావు. ఇంజన్ తిరిగినంతసేపూ పైకి ఎక్కిన ఆయిల్ కిందికి దిగడానికి పది నిమిషాలైనా పడుతుంది. నేను నేర్పింది ఆదివారం పొద్దున, బండి కదపకముందు, చదునైన నేల మీద. నువ్వు డిప్‌స్టిక్కు ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగతావన్నీ పాత ఇంట్లోనే వదిలేసి వచ్చావు.

రేపు పొద్దున చదునైన చోట చూసి నిజం రాయి.

మామయ్య


ఏప్రిల్ 15

మామయ్యా,

పరువు పోయింది. కూర్చుని చదువు.

బండిని కిందటి రోజే మార్కెట్ వెనక మైదానంలో పెట్టి, పొద్దున వెళ్ళి డిప్‌స్టిక్కు తీశాను. ఆయిల్ పై గీత దాటి, ఇంకో రెండు వేళ్ళ మందం పైకి ఉంది. అక్కడి నుంచి కింది కొస దాకా నల్లగా మెరుస్తోంది. నా మొహం కూడా అదే రంగుకి తిరిగి ఉంటుంది.

డ్రెయిన్ బోల్టు వదులు చేసి వంటింటి కొలపాత్రలోకి వంపాను. లీటరున్నర ఎక్కువ ఉంది. నేనొక్కదాన్నే పోస్తే లీటరున్నర ఎలా ఎక్కువైందా అనుకుంటుంటే అమ్మ తలుపు దగ్గర నుంచి పాత్ర వంక చూసి మెల్లగా లోపలికి జారుకోబోయింది. ఆపాను. నిలదీశాను. నేను క్లాసుకి బయల్దేరకముందు తను కూడా డిప్‌స్టిక్కు చూసి గ్లాసుడు పోస్తోందట. "పాపం, రోజంతా తిరిగే బండి" అంది. నాకు పెట్టినట్టే దానికీ పెడుతోంది.

ఎక్కువైన ఆయిల్ లోపల చిలికినట్టయి, ఇంజన్ గాలి వదిలే గొట్టంలోంచి పొంగి ఎయిర్ ఫిల్టరులోకి వచ్చేస్తోంది. ఫిల్టరు తీసి చూస్తే కింద మడుగు కట్టి ఉంది. అక్కడి నుంచి లోపలికి పోయి కాలుతోంది. అదే ఆ పొగ. గొట్టం కడిగాను, కొత్త ఫిల్టరు వేశాను, ఆయిల్ రెండు గీతల మధ్య ఉంచాను. నాలుగు రోజులు తిప్పాక పొగ దాదాపు కనిపించడం లేదు.

నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు, ఎవరో తాగిస్తున్నారని. అంత దూరంలో కూర్చుని, బండిని చూడకుండా, వినకుండా ఎలా పట్టుకున్నావు?

పరువు తక్కువ మేనకోడలు


ఏప్రిల్ 22

డ్రైవరమ్మకీ, గ్లాసుడు పోసే మా అక్కకీ,

మీ ఉత్తరం టీచరమ్మ రెండుసార్లు చదివింది. రెండోసారి నేను అడగలేదు, ఆవిడే నవ్వుకోవడానికి చదివింది. (నిజమే.)

నేను చెప్పలేదా? ఆ ఇంజన్ సీళ్ళు, రింగులు బంగారంలా ఉన్నాయి. ఆ మెకానిక్ దగ్గరికి వెళ్ళి, అది కూర్చిన చేతులు ఎలాంటివో ఇప్పుడు చెప్పమని అడుగు.

నెలల తరబడి నా మనసులో ఏదో ముల్లు కదులుతూ ఉంది, అది ఏమిటో ఇప్పుడు చెప్పక్కర్లేదు. పోయింది. పొద్దున మేకు మీది తాళాలు తీసుకుని షెడ్డు తెరిచాను. స్పానర్లన్నీ తుడిచి వరసగా పెట్టాను. అక్కడి నుంచి నేరుగా పెద్ద వర్క్‌షాపుకి వెళ్ళి ఓనరుతో జూన్ నుంచి వస్తానని చెప్పేశాను. ఆయన "కుర్చీ వేస్తాను, కూర్చుని సలహాలు చెప్పండి చాలు" అన్నాడు. కుర్చీ ఎందుకు, నేను ఇంజన్లు కూరుస్తాను అన్నాను. మొదటి నెల బ్రేకుల పని కూడా చూస్తానన్నాను. మనిషి మొహం వెలిగిపోయింది.

అక్కని ఆయిల్ డబ్బా దరిదాపుల్లోకి రానివ్వకు.

మీ మామయ్య, మళ్ళీ పనిలోకి


మే 9

మామయ్యకి,

ఇక్కడ అంతా మామూలే. దర్జీ ఆవిడ లైసెన్సు పరీక్ష పాసయింది. పరీక్ష పెట్టిన ఆఫీసరు చొక్కాకి గుండీ ఊడి ఉందని దిగేటప్పుడు చెప్పి వచ్చిందట. పాసైనా క్లాసులకి రావడం మానలేదు, ఊరికే వచ్చి వెనక సీట్లో కూర్చుంటోంది. అమ్మ మోకాలికి కొత్త మందు రాశారు. నిన్న వాన పడింది. బట్టలన్నీ ముందు గదిలో ఆరేశాం. నెల తిరక్కుండా రెండో ఆయిల్ డబ్బా కొనడానికి వెళ్ళి, షాపులో గొడుగు మర్చిపోయి వచ్చాను.

నువ్వు వర్క్‌షాపులో బ్రేకుల పని చెయ్యడం ఎందుకు మామయ్యా? కుర్చీ వేస్తానన్నాడుగా, ఆ కుర్చీలో కూర్చుంటే ఏం?

మేనకోడలు


మే 16

అమ్మాయ్,

రెండో ఆయిల్ డబ్బా ఎందుకు?

వాన గురించి, మోకాలు గురించి, గొడుగు గురించి రాసి మధ్యలో దాన్ని ఇరికించావు. నేను ఉత్తరాలు కూడా బానెట్ ఎత్తినట్టే చదువుతాను. పై గీత దాటి పోసినప్పుడు నెలకి నాలుగు పట్టేవి, సరే. ఇప్పుడు అక్క చేతికి డబ్బా అందడం లేదు, బండి చదునైన చోట చూస్తున్నావు. అయినా నెలలో రెండోది కొన్నావు. అంటే ఇంకా పోతోంది. ఏప్రిల్ నుంచి ఈ విషయం నీకు తెలుసు. నాకు చెప్పలేదు.

నేను రోగిని కాను, నువ్వు డాక్టరువి కావు, పక్క గదిలో చెవిలో చెప్పుకోవడానికి. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరస తప్పకుండా తెల్లకాగితం మీద పెట్టు. ఏది ఎలా ఉందో రాయి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అదే లోపలి ఒత్తిడి, కొలిపించు. ఎక్కడైనా కొలుస్తారు, ఆ నోరున్నవాడి దగ్గరకే వెళ్ళక్కర్లేదు. పొగ ఎప్పుడు వస్తోందో మళ్ళీ చూడు.

ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక్క ముక్క తగ్గించినా నేను తప్పు చెబుతాను, ఆ తప్పు నీది అవుతుంది.

(ఆయన మీ ఉత్తరం ఈసారి నా చేత మూడుసార్లు చదివించారు. నవ్వుకోవడానికి కాదు. టీచరు.)

మామయ్య


మే 26

మామయ్యా,

ఉన్నది ఉన్నట్టు.

ఒకటి, రెండు, నాలుగు ప్లగ్గులు ఇటుక రంగులో పొడిగా ఉన్నాయి. మూడోది నల్లగా, జిడ్డుగా ఉంది. కాగితం మీద పెడితే చుట్టూ మరక వచ్చింది. కంప్రెషన్ నాలుగిటికీ సమానంగా ఉంది. కొలిచినాయన, రింగులు వేసినవాళ్ళెవరో బాగా వేశారన్నాడు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ బుస్సుమని వచ్చి ఆగిపోతోంది. మా వీధి దిగుడులో కాలు తీసి కిందిదాకా వచ్చి మళ్ళీ తొక్కితే ఇంకోసారి. మిగతా సమయంలో ఏమీ లేదు. రెండువేల కిలోమీటర్లకి ఒక లీటరు పోతోంది.

నువ్వు అడగనిది కూడా చెబుతున్నాను. ఇది ఈ ఇంటికి వచ్చాక మొదలు కాలేదు. నీ దగ్గర నుంచి బండి తెచ్చుకున్న మొదటి నెల నుంచీ అంతే తాగుతోంది. పాత ఇంట్లో నెలకి ఒకటో రెండో డబ్బాలు కొని మాట్లాడకుండా పోశాను. నీకు రాయాలనిపించలేదు. ఈ ఇంటికి వచ్చాక ఒక్కసారిగా పెరిగేసరికి భయమేసి రాశాను, అది కూడా కొంచెం అని రాశాను.

రెండో డబ్బా సంగతి నోరు జారి రాయలేదు. నువ్వు పట్టుకుంటావనే రాశాను. ఊరికే చెప్పే ధైర్యం లేకపోయింది. నువ్వు వేరేవాళ్ళ బ్రేకుల మీద చెయ్యి వేస్తానన్న రోజు నుంచి నాకు స్థిమితం లేదు.

నీ కోపం నేను పడతాను. ఉత్తరం మాత్రం రాయి.

మేనకోడలు


జూన్ 12

అమ్మాయ్,

ఇది నా రాతే. నాలుగు రోజులు పట్టింది. చదవలేకపోతే అక్కని అడుగు, చిన్నప్పుడు నా పలక దిద్దింది అదే.

కళ్ళద్దాలు విరగలేదు. రెండేళ్ళ నుంచి నా కుడి చెయ్యి వణుకుతోంది. డాక్టరు ప్రాణానికేమీ కాదన్నాడు, తగ్గేది కూడా కాదన్నాడు. ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మకి తెలుసు, పక్కింటి వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

మూడో సిలిండరు అని నువ్వు రాసిన చోటే నేను చదవడం ఆపేశాను. రింగులు బాగుండి, స్టార్టింగులో, దిగుడు తర్వాత పొగ వస్తోందంటే అది వాల్వు సీలు. వేలి కొస అంత రబ్బరు టోపీ. వాల్వు కాడ వెంట ఆయిల్ లోపలికి దిగకుండా ఆపుతుంది. అవి ఎనిమిది ఉంటాయి. ఏది పోయిందో విప్పక్కర్లేకుండా నాకు తెలుసు.

ఆ రోజు సాయంత్రం కరెంటు పోయింది. ఇంజన్ పైభాగం, వాల్వులుండే హెడ్, బల్ల మీద ఉంది. నువ్వు చేతిలైటు పట్టుకున్నావు. ఐదు సీళ్ళు వేశాను. ఆరోది మూడో సిలిండరు ఇన్‌లెట్ వాల్వుది. వాల్వు కాడ చివర గాడి ఉంటుంది, దాని అంచు బ్లేడులా ఉంటుంది. అది సీలుని కొయ్యకుండా ముందు ఒక ప్లాస్టిక్ తొడుగు తొడగాలి. ఆ తొడుగు నా చేతిలోంచి జారి ఎక్కడో పడింది. వంగి తడుముకుంటే నువ్వు నా చెయ్యి చూస్తావనుకున్నాను. తొడుగు లేకుండానే తోసేశాను. ఏదో గీరుకున్నట్టు వేలికి తెలిసింది. నలభై ఏళ్ళ వేలు, దానికి తెలియకుండా ఉంటుందా? ఏమీ కాలేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఏప్రిల్లో నీ కొలపాత్ర ఉత్తరం వచ్చినప్పుడు నేను ఎగిరి గంతేసింది అందుకే.

ఆ మెకానిక్ అన్న మాట సరైనదే. విప్పకుండా అనడమే తప్పు.

వర్క్‌షాపుకి జూన్ ఒకటిన వెళ్ళలేదు. ఇక వెళ్ళను. సామాను ఎవరికి ఇవ్వాలో ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు పని. హెడ్ దించక్కర్లేదు, ఎవరికీ ఇవ్వద్దు, నువ్వే చెయ్యి. పైన రాకర్ కవరు, దాని కింద వాల్వులని నొక్కే రాకర్ల వరస విప్పు. మూడో ప్లగ్గు తీసి, పిస్టన్ కిందికి ఉన్నప్పుడు ఆ బెజ్జంలోంచి మెత్తని నూలుతాడు రెండు బారలు లోపలికి కుక్కు. కొస బయట ఉంచు. తర్వాత ఇంజన్ని చేత్తో తిప్పితే పిస్టన్ పైకి వచ్చి తాడుని వాల్వులకి అదిమి పడుతుంది. ఇక స్ప్రింగు తీసినా వాల్వు లోపల పడదు. స్ప్రింగుని నొక్కి, దాన్ని వాల్వుకి పట్టి ఉంచే రెండు చిన్న లాకులు తీసెయ్. అవి ఎగిరిపోతే దొరకవు, కింద గుడ్డ పరుచుకో. పాత సీలు లాగెయ్. తొడుగు పెట్టి, ఆయిల్ రాసి, కొత్తది తిన్నగా తోసెయ్. తొడుగు మర్చిపోకు.

పాత సీలు నాకు కవరులో పంపు. చూడాలి.

మామయ్య


జూలై 18

మామయ్యకి,

నీ రాత అమ్మ కూడా అక్కర్లేకుండా చదివాను. వంకర అక్షరాలే. నువ్వు మొత్తం వచ్చినట్టుంది.

పని అయింది. జూన్ ముప్పైన చేశాను. దర్జీ ఆవిడని సాయం పిలిచాను. నేను స్ప్రింగు నొక్కి పట్టుకుంటే ఆవిడ సూదుల కోసం వాడే అయస్కాంతంతో రెండు లాకులూ తీసి డబ్బాలో వేసింది. మళ్ళీ పెట్టేటప్పుడు రెండు వేళ్ళతో ఎక్కించేసి, "గుండీ కాజా అంత కష్టం కూడా లేదు" అంది. నాకు మాత్రం చెమటలు పట్టాయి. తాడు బయటికి రావడానికి కాస్త మొరాయించింది, ఇంజన్ని వెనక్కి తిప్పితే వచ్చేసింది.

తర్వాత వెయ్యి కిలోమీటర్లు తిప్పేదాకా నీకు రాయకూడదని పంతం పట్టాను. నిన్నటికి వెయ్యిన్ని ముప్పై. మార్కెట్ వెనక మైదానంలో, పొద్దున, ఇంజన్ ముట్టుకోకముందు డిప్‌స్టిక్కు తీశాను. ఆయిల్ ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది. మూడో ప్లగ్గు మిగతా వాటి రంగుకి వచ్చింది. పొగ లేదు. మాన్పించిన అమ్మాయి తల్లి మళ్ళీ ఫీజు ఎంతని అడిగింది.

పాత సీలు ఈ కవరులోనే ఉంది. లోపలి అంచు ఒక పక్క కోసుకుపోయింది. నువ్వు చెప్పినట్టే.

ఇప్పుడు నా సంగతి విను. ఆ రోజు చేతిలైటు పట్టుకున్నది నేను. నీ చెయ్యి వణకడం మొదటి సీలు దగ్గరే చూశాను. ఆరో సీలు దగ్గర బాగా ఎక్కువైంది. నేను చూశానని నీకు తెలిస్తే బాధపడతావని తల పక్కకి తిప్పుకుని గోడ వంక చూస్తూ నిలబడ్డాను. తలతో పాటు చెయ్యి తిరిగింది, చేతితో పాటు లైటు తిరిగింది. నీ ముందు చీకటి అయింది. తొడుగు జారింది అప్పుడే. అది పడిన చప్పుడు విన్నాను. బల్ల కాలు పక్కన తెల్లగా కనిపించింది కూడా. అది దేనికో నాకు తెలియదు. వంగి తీసిస్తే, పడేసుకున్నావని ఎత్తిచూపినట్టు ఉంటుందని ఊరుకున్నాను. నీ ఉత్తరం చదివాక కానీ దాని పని ఏమిటో అర్థం కాలేదు.

మామయ్యా, నీ చెయ్యి ఒక్కటే చింపలేదు దాన్ని. నువ్వు దాచావు, నేను దాచడానికి సాయం చేశాను. మధ్యలో ఆ రబ్బరు టోపీ కోసుకుపోయింది. తర్వాత ఏడాది పొడుగునా నేను డబ్బాలు కొని పోయడం కూడా ఆ దాచే పనే.

ఇంకొకటి. ఈ నాలుగు నెలలూ నువ్వు ఒక్క స్పానరు ముట్టుకోలేదు. బండిని చూడలేదు. నేను అబద్ధం చెప్పినప్పుడు కూడా సరైన చోటే వేలు పెట్టావు. సామాను ఎవరికైనా ఇచ్చుకో, అది నీ ఇష్టం. కానీ అలా పట్టుకోవడం మెకానిక్ పని కాదని మాత్రం నాకు చెప్పకు. నేను ఒప్పుకోను.

లైటు పట్టుకున్న మేనకోడలు


జూలై 27

అమ్మాయ్,

ఈసారి మూడు రోజులే పట్టింది.

సీలు భూతద్దం కింద పెట్టి చూశాను. గాడి అంచు కోసిన కోత, సందేహం లేదు. నీ ఉత్తరం చదివాక ఆ సాయంత్రం మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. వెలుతురు పోయిందని నాకు జ్ఞాపకం ఉంది. నా కళ్ళు కూడా పోతున్నాయి కాబోలు అనుకున్నాను. అది ఇంకో భయం, నీకు రాయలేదు. ఏడాదిగా దాన్ని కూడా మోస్తున్నాను. నువ్వు ఒక్క ఉత్తరంతో తీసేశావు. నీ మీద కోపం రావాలి, రాలేదు. చాలాసేపు నవ్వాను. టీచరమ్మ గోడ అవతల నుంచి ఏమైందని అడిగింది.

సోమవారం పెద్ద వర్క్‌షాపుకి వెళ్ళాను. ఓనరుకి ముందే చెప్పాను, చేతులు మీవాళ్ళవి, చెప్పడం నాది అని. పది నుంచి పన్నెండు దాకా. కుర్చీ వేశాడు. కూర్చున్నాను. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుంటే ఇంజన్ మాట నాకు ఇప్పటికీ స్పష్టంగా వినిపిస్తుంది, ఫోన్లో మీ అమ్మ మాట వినిపించకపోయినా.

మెకానిక్కులు నా చెయ్యి చూసి చూడనట్టు తలలు తిప్పుకున్నారు. అందరూ నీలాంటివాళ్ళే. జేబులోంచి సీలు తీసి బల్ల మీద పెట్టి, ఇది నేను చింపింది, ఎలా చింపానో చెబుతాను వినండి అన్నాను. తొడుగు పడిపోవడం దగ్గర నుంచి మొత్తం చెప్పాను. అందులో ఒకాయన, నెరిసిన జుట్టు, అంతా విని ఒకటే అడిగాడు. "లైటు ఎవరు పట్టుకున్నారు?" అని. ఆయనకి పని తెలుసు.

వచ్చే నెల అక్కని తీసుకుని వస్తావుగా. నా షెడ్డులో ఒక హెడ్ విప్పి బల్ల మీద ఉంచమని ఆ నెరిసిన జుట్టాయనకి చెప్పాను. ఎనిమిది సీళ్ళు నువ్వే వెయ్యాలి. లైటు నేను పట్టుకుంటాను. కాస్త వణుకుతుంది. పక్కకి మాత్రం తిప్పను.

మామయ్య